ఏడు కార్డుల మీద ఒకే పచ్చ చీర

సూరత్‌లో ఒక వానాకాలమంతా నేను ఏడుగురు మగవాళ్ళకు భార్యనై ఉన్నాను. అందులో ఒక్కడే నా మొగుడు. ఈ మాట ఎక్కడ చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా వంక అదోలా చూస్తారు. అందుకని మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో ఎవరూ అడ్డం రావద్దు, నాకు కోపం ఎక్కువ.

కరోనా వచ్చిన రెండో ఏడు అది. ఊరి చివర ఉన్ అనే పేటలో, వరుసగా అద్దె గదులుండే ఒక చాల్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన సచిన్ అనే కార్ఖానాల పేటలో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్ అని మీరు అనేదాన్ని మేం సాంచా అంటాం, అవి ఉన్న కార్ఖానాను ఖాతా అంటాం. మా పక్క రెండు ఖోలీల్లో, అంటే గదుల్లో, అదే ఖాతాలో పనిచేసే ఆరుగురు ఉండేవాళ్ళు. అందరూ జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్ళే. మొదటి లాక్‌డౌన్‌లో పెళ్ళాంపిల్లలతో సహా ఊళ్ళకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒంటరిగా వచ్చారు. "నువ్వు పోతే పో, పిల్లలను పట్టుకొని నేను మళ్ల గా రోగంల దుంకను" అని ఆడవాళ్ళు తెగేసి చెప్పారట. మంచి పని చేశారు. మేం మాత్రం రైలు దొరక్క మొదటే ఇక్కడ చిక్కుకుపోయాం. ఆ ఆరుగురికీ రెండు పూటలా నేనే వండి పెట్టేదాన్ని. వాళ్ళు నన్ను వదిన అనేవాళ్ళు. వదిన అన్నాక ఇక ఎంత మాటైనా అనొచ్చు కదా. కూరలో ఉప్పు తక్కువైతే, "అన్న మీది కోపం మా కూరల సూపియ్యకు వదినా" అనేవాళ్ళు. నేనూ తక్కువ తినలేదు, గరిటె చూపించేదాన్ని.

చట్టాలు మా గుమ్మం దాకా వస్తాయని అంతకుముందు మాకు తెలియదు. మొదటి ఏడు ఒక రోజు మా ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. కార్ఖానాల్లో ఇక పన్నెండు గంటల షిఫ్టు పెట్టుకోవచ్చని సర్కారు హుకుం ఇచ్చిందట. "మరి గిన్నొద్దులు ఎన్ని గంటలు జేసినవయ్యా" అని అడిగాను. "పన్నెండే" అన్నాడు. కొన్నాళ్ళకు పెద్ద కోర్టు ఆ హుకుంను కొట్టేసింది. ఆ సాయంత్రం కూడా మా ఆయన పన్నెండు గంటలు చేసి, నవ్వుకుంటూనే వచ్చాడు. షిఫ్టు ఎనిమిది గంటలు ఉండాలన్న చట్టం ఒకటి ఉందని ఆ గొడవ వల్లే మా చాల్‌లో అందరికీ తెలిసింది.

రెండో ఏడు చట్టం మాత్రం నిజంగానే లోపలికి వచ్చి కూర్చుంది. ఖాతాలో లెక్కలు రాసే మెహతాజీ ఒకాయన ఉండేవాడు. ముసలాయన, మనిషి మంచివాడే కానీ భయస్తుడు. ఆ ఏడు బడ్జెట్‌లో ఏదో మార్చారట. కూలీల పగార్‌లోంచి పీఎఫ్‌కు, ఈఎస్ఐకి అని కోసిన పైసలను గడువులోగా కట్టకపోతే, ఒక్కరోజు ఆలస్యమైనా సరే, వాటిని సేఠ్ ఖర్చు కింద ఒప్పుకోరు, ఆదాయం కింద పట్టి పన్ను వేస్తారు. గడువు నెల నెలా పదిహేనో తారీఖు. అప్పటినుంచీ మెహతాజీకి పదిహేనో తారీఖు తప్ప వేరే దేవుడు లేడు. దానికి తోడు కొత్త లేబర్ చట్టాలు వస్తున్నాయనీ, ఎంతమంది పనిచేస్తే అంతమంది పేర్లూ ఎక్కించాలనీ, తనిఖీ ఎప్పుడైనా రావొచ్చనీ ఎవరో ఆయన చెవిలో వేశారు. అప్పటిదాకా సేఠ్ కాగితాల మీద ఖాతా మొత్తం ముగ్గురే నడుపుతున్నట్టు ఉండేది. మెహతాజీ సేఠ్‌ను బెదరగొట్టి అందరి పేర్లూ ఎక్కించాడు. మా మీద ప్రేమతో కాదు, పన్ను మీద భయంతో మాకు దవాఖాన వచ్చింది. ఎట్లా వస్తే ఏం, వచ్చింది కదా అని నేను కొబ్బరికాయ కొట్టాను.

అక్కడే చిక్కు వచ్చి పడింది. ఈఎస్ఐ కార్డు మీద కుటుంబం ఫోటో అతికించి, దాని మీద సేఠ్ ముద్ర వేయాలి. పనిచేసేవాడు, భార్య, పిల్లలు అందరూ కలిసి దిగిన ఫోటో కావాలి. "ఎల్లుండి పొద్దున కల్లా తెండి" అన్నాడు మెహతాజీ. ఆరుగురి కుటుంబాలేమో వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్నాయి. ఉధ్నాలో ఫోటోగ్రాఫర్‌ను అడిగితే, ఊరి నుంచి భార్య ఫోటో ఫోన్లో తెప్పిస్తే కంప్యూటర్లో పక్కన నిలబెడతానన్నాడు. ఒకరికి అట్లా చేసి చూపించాడు కూడా. భార్య తల భర్త తలకు రెండింతలు వచ్చింది. అది చూసి ఆ మనిషి, "నిజం జెప్పాలంటే మా ఇంట్ల గట్లనే ఉంటది, గని కార్డు మీద వద్దు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆరుగురూ మా గుమ్మం ముందు వరుసగా నిలబడ్డారు. తేలు కుట్టిన దొంగల్లా ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. చివరికి వాళ్ళలో, లాక్‌డౌన్‌కు ఊరికి పోయినప్పుడు కొత్తగా పెళ్ళి చేసుకుని వచ్చిన వాడిని ముందుకు తోశారు.

"వదినా, జర ఒక్క ఫోటో దిగుతవా" అన్నాడు వాడు.

"దేనికి?"

"మా అందరి పక్కన. ఒక్కొక్కని పక్కన ఒక్కొక్కటి."

విషయం అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక గరిటె కోసం చూశాను. మా ఆయన మాత్రం పళ్ళికిలించి, "ఏమైతదే, ఫోటోనే గదా. పాపం బీమారొస్తే దవాఖాన ఉండాలె గదా" అన్నాడు. సొంత పెళ్ళాన్ని ఇంత ధారాళంగా ఇచ్చే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. కానీ ఆ మాటా నిజమే. మొన్న మొన్ననే రెండో విడత రోగంలో ఎంతమంది ఆస్పత్రి గడప దగ్గరే ఆగిపోయారో చూసిన వాళ్ళం. సరేనన్నాను.

ఉన్నవాటిలో మంచి చీర ఒక్కటే, చిలకపచ్చది. అదే కట్టుకున్నాను. స్టూడియో గోడ మీద మంచు కొండలు, సరస్సు, పడవ. దాని ముందు ఒకే కుర్చీ. భర్తలు వచ్చి కూర్చుంటున్నారు, పోతున్నారు, నేను మాత్రం కుర్చీ వెనక స్తంభంలా నిలబడే ఉన్నాను. మా బిడ్డను కూడా అందరికీ అరువిచ్చాం. ఒకరికి ఊళ్ళో ఉన్నది కొడుకు. అందుకని దానికి అంగీ తొడిగి, టోపీ పెట్టి కొడుకును చేశాం. ఏడేళ్ళ పిల్ల, టోపీ తీసేయమంటే తీయనని ఏడుపు, పిల్లలే లేని కొత్త పెళ్ళికొడుకు ఫోటోలోకి కూడా టోపీతోనే దూరింది.

ఆరుగురిలో ఒక పిసినారి ఉండేవాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. అతని వంతు వచ్చేసరికి ఫోటోగ్రాఫర్‌తో బేరం మొదలుపెట్టాడు. "భార్య ఆమెనే, చీర అదే, గోడ గదే. మారింది నేనొక్కన్నే. నా ఒక్కని పైసలు తీస్కో" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా ఆ నవ్వే ఫోటోలో పడింది. అందరికంటే ఆఖరున మా ఆయన వంతు. అప్పటికి కాళ్ళు లాగేస్తున్నాయి, పిల్ల ఏడుస్తోంది, పొయ్యి మీద వంట లేదు. మా ఆయన వచ్చి కుర్చీలో తీరిగ్గా కూర్చుని, "నవ్వు జర" అన్నాడు. నేను చూసిన చూపు కూడా ఫోటోలో పడింది.

మెహతాజీ ఏడు కార్డులూ ముందేసుకుని కాసేపు చూశాడట. "మీ తెలుగు ఆడవాళ్ళంతా ఒకే తీరుగా ఉంటారా" అని అడిగాడట. "ఒకే ఊరు సాబ్" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. ఆ రోజు పద్నాలుగో తారీఖు. మెహతాజీ ఇంకేమీ అడగకుండా ముద్రలు కొట్టేశాడు.

ఇంతటితో అయిపోయేది. కానీ ఆ కొత్త పెళ్ళికొడుకు, బుద్ధి తక్కువ వెధవ, కార్డు వచ్చిందన్న సంతోషంలో దాని ఫోటో తీసి ఊళ్ళో పెళ్ళానికి పంపాడు. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. ఆ పిల్ల గొంతు మా ఖోలీ దాకా వినపడింది. "నీ ఎనుక నిలవడ్డ గా పచ్చ చీరామె ఎవరు? గా పిలగాడు ఎవరు? పెండ్లై ఏడాది కాలేదు, గంత పిలగాడు ఎట్ల పుట్టిండు" అని ఏడుపు. కార్డు కోసమని వీడు ఎంత చెప్పినా వినదు. ఆమె నోట సంగతి విని మిగతా ఊళ్ళ నుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి. వంట మానుకుని మూడు రోజులు నేను అందరి పెళ్ళాలకూ సంజాయిషీ చెప్పుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా.

నాలుగో రోజు నాకు చిర్రెత్తింది. రాఖీ పున్నమి దగ్గరలోనే ఉంది. ఉధ్నా బజారుకు పోయి ఒకే అట్టకు కుట్టి ఉన్న రాఖీలు కొన్నాను, మధ్యలో ప్లాస్టిక్ నెమలి ఉన్నవి. పున్నమి నాడు అందరినీ కూర్చోబెట్టి, ఫోన్లో వాళ్ళ పెళ్ళాలు చూస్తుండగా బొట్టు పెట్టి రాఖీ కట్టాను. "సూడుండ్రి, ఇగ ఈల్లందరు నాకు తమ్ముళ్లు. మళ్ల ఎవలన్న ఏడ్చిండ్రంటె నేను ఊకోను" అన్నాను. ఆ కొత్త కోడలు పిల్ల మరీ గట్టిది. రోజూ ఫోన్లో ముందు చెయ్యి చూపించమనేదట. నెమలి కనపడితేనే మాట. అందుకని ఎంత మాసిపోయినా వాళ్ళెవరూ రాఖీ విప్పలేదు. వదిన పోయి అక్కనయ్యాను. అక్కతో వేళాకోళం చెయ్యకూడదు కదా, ఉప్పు తక్కువైనా నోరు మూసుకుని తినేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకే కొంచెం బోసిపోయినట్టు అనిపించింది.

పిసినారి మాత్రం ఆ రోజు కనపడలేదు. రాఖీ కట్టించుకుంటే ఆడబిడ్డకు ఏదైనా పెట్టాలి కదా. ఊళ్ళో సొంత అక్కచెల్లెళ్ళకే ఏటా రైలు దొరకలేదని చెప్పే మనిషి. పున్నమి నాడు ఎవరిదో షిఫ్టు కూడా తానే చేస్తానని ఖాతాలోనే ఉండిపోయాడు.

ఆ తర్వాత నెలలో నాకు కడుపులో నొప్పి మొదలైంది. కుడివైపు పక్కటెముకల కింద పట్టుకుని వీపులోకి దూసేది. వాయువు అనుకుని వాము నమిలాను. ఒక రోజు రొట్టెలు చేస్తూ చేస్తూ పొయ్యి ముందే పడిపోయాను. స్కాన్ తీస్తే పిత్తాశయం నిండా రాళ్ళున్నాయన్నారు. తొందరగా ఆపరేషన్ చేయించాలి, లోపల చీము పడితే ప్రాణానికే ముప్పు అన్నారు. ప్రైవేటు ఆస్పత్రిలో చెప్పిన మొత్తం విని మా ఆయన అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. నాకు భయమేసింది. పైకి అందరినీ తిట్టాను కానీ, రాత్రిళ్ళు బిడ్డ జడ పట్టుకుని పడుకునేదాన్ని. ఇక మాకున్నది ఆ కార్డు ఒక్కటే.

బీమా డిస్పెన్సరీలో రాసిస్తే పెద్దాస్పత్రిలో ఉచితంగా చేస్తారు. పోయే రోజు నేను తెలివి ఉపయోగించాను. ముఖానికి మాస్కు ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం, ఫోటోలో ఉన్నట్టే ఉంటే మంచిది అనుకుని ఆ చిలకపచ్చ చీరే కట్టుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువ పని నేను జన్మలో చేయలేదు.

కౌంటర్ దగ్గర ఒక గుజరాతీ ఆవిడ ఉండేది, అందరూ బెన్, అంటే అక్క, అని పిలిచేవాళ్ళు. కార్డు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ నా చీర చూసింది.

"మొన్న సాంచాలో వేలు తెగి వచ్చినవాడి భార్య మీరే కదా" అంది హిందీలో. "అంతకుముందు వారం జ్వరంతో వచ్చినవాడి భార్య కూడా మీరే. వాళ్ళ కార్డుల మీద ఈ పచ్చ చీర నాకు బాగా గుర్తు. ఇతనూ మీ భర్తేనా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన తెరిచాడు. భయం వేస్తే ఆయన నోట అబద్ధం రాదు, ఇదొక రోగం. "ఫోటోలో ఏడుగురం మేడం. ఇంట్లో నేనొక్కన్నే" అన్నాడు.

వెనక వరుసలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. బెన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు. నా ఆధార్‌లో ఇంకా మా నాయన పేరే ఉంది, మార్పించుకోలేదు. రేషన్ కార్డు ఊళ్ళో అత్త దగ్గర ఉంది. ఏడుగురి పక్కన నిలబడ్డదాన్ని, ఈయన పెళ్ళాన్నని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "రేపు ఆ ఆరుగురినీ తీసుకురండి. ఎవరి నోటితో వాళ్ళు నా ముందు చెప్పాలి. అప్పటిదాకా కాగితం రాయను" అంది. దారి పొడుగునా నేను మా ఆయనను తిట్టలేదు. అప్పుడే ఆయనకు నా పరిస్థితి ఎంత చెడ్డదో అర్థమైందట.

మర్నాడు పొద్దున షిఫ్టు దిగి, తలల నిండా దూదిపింజలతో ఆరుగురూ వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డారు. వరుస చివర ఏడోవాడు మా ఆయన. నేను రెండు చేతులతో కడుపు పట్టుకుని కౌంటర్‌కు ఆనుకున్నాను.

"ఈమె నీకు ఏమవుతుంది?" అని బెన్ మొదటివాడిని అడిగింది.

వాడు చెయ్యి పైకెత్తాడు. చేతికి మాసిపోయిన నెమలి. రెండోవాడూ ఎత్తాడు, అదే నెమలి. మూడోవాడు, నాలుగోవాడు, ఐదోవాడైన కొత్త పెళ్ళికొడుకు. అన్నీ ఒకే అట్ట మీది నెమళ్ళు. మాస్కు వెనక బెన్ బుగ్గలు కదలడం నాకు కనపడింది. రాఖీ కట్టిన చేతి సంగతి గుజరాతీ ఆడమనిషికి వేరే చెప్పాలా.

"సరే, రాఖీ లేనివాడే భర్త" అంది. తర్వాత చూస్తే రెండు బోసి చేతులు మిగిలాయి. ఒకటి మా ఆయనది, ఒకటి పిసినారిది.

బెన్ ఆ ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. "ఇతని ఫోటోలో మీరు నవ్వుతున్నారు. మీరు భర్త అంటున్న ఇతని ఫోటోలో కొరికేసేలా ఉన్నారు. నన్నేం నమ్మమంటారు?" అంది.

"గట్ల సూస్తదంటెనే నా పెండ్లాం మేడం" అని మా ఆయన తెలుగులో మొత్తుకున్నాడు. బెన్‌కు తెలుగు రాదు. పిసినారి నేల చూపులు చూస్తున్నాడు. నాకేమో నొప్పి మెలిపెడుతోంది, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఒక్క రాఖీ ఖర్చుకు జడిసిన మనిషి వల్ల నేను చస్తానా అని ఒళ్ళు మండింది. అప్పట్లో మేం ఖాతాలో మిగిలిన గుడ్డముక్కలతో మాస్కులు కుట్టుకునేవాళ్ళం, తల వెనక ముడివేసే తాళ్ళతో. ఒక తాడు పట్టుకుని లాగాను. పరపరా ఊడి వచ్చింది.

"చెయ్యి చాపు" అన్నాను పిసినారితో.

"వదినా, ఇయ్యాల పున్నమి కాదు గదా" అన్నాడు.

"నా కడుపుల రాళ్ళున్నయ్. అవి పున్నమి దాంక ఆగవు. చాపు."

చాపాడు. మాస్కు ఒక చెవి పక్కన వేలాడుతుండగా, ఆ తాడును అతని మణికట్టుకు మూడు ముళ్ళు వేసి కట్టాను. అతని కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను. బెన్ ముందు డబ్బాలోంచి కొత్త మాస్కు తీసి నాకిచ్చింది, తర్వాత మా కాగితం రాసి ముద్ర కొట్టింది. ఆ ఆరుగురూ సొంత భార్యలతో ఫోటో తెచ్చి అతికించేదాకా ఆ కార్డుల మీద ఇంట్లోవాళ్ళకెవరికీ వైద్యం ఉండదని గట్టిగా చెప్పింది. మెహతాజీకి ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది. మర్నాడే పదిహేనో తారీఖండీ, నా కళ్ళకేమీ కనపడలేదండీ అన్నాడట ఆయన.

ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన మా ఆయన లేడు, బిడ్డకు అన్నం పెట్టడానికి పోయాడు. పిసినారి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో చీర.

"రాఖీ కట్టినవు గదా అక్కా, ఉత్త చేతులతోని ఎట్ల రావాలె" అన్నాడు. "ఎర్రది తెచ్చిన. గా పచ్చది మళ్ల కట్టకు. కొంగు కాడ జర పోగు లేచింది, గందుకే దుకాణపాయన సగం పైసలకే సస్తకిచ్చిండు."

నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు చెప్పింది. అయినా నవ్వాను, కుట్లు లాగాయి, ఏడ్చాను కూడా. అతని మణికట్టు మీద నా మాస్కు తాడు అట్లాగే ఉంది. నూనె మరకలతో నల్లబడిపోయింది.

"అది తీసెయ్యరా, వచ్చే పున్నానికి మంచిది కడుత" అన్నాను.

"కొత్తది కొనకు అక్కా, పైసలెందుకు దండుగ. గిదే నడుస్తది" అని తాడును సవరించుకున్నాడు. "నువ్వైతే ఉండాలె."